ఆయన చెప్పిన నా నొప్పి

6 ఆగస్టు 2025, సాయంత్రం 4
ఆఫీసులో బకెట్ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కుతుంటే మళ్ళీ దవడ లాగింది. వెన్ను కూడా. కూర్చుంటే పది నిమిషాలకు తగ్గింది.

పోయిన నెల నాకు యాంజియో పరీక్ష చేసి గుండె నాళాలు సాఫుగా ఉన్నాయన్నారు. మా ఆయన కొమురయ్య వార్డంతా జిలేబీ పంచాడు. ఆయనకు ఇదివరకే స్టెంట్ వేశారు కాబట్టి గుండె సంగతి తనకే తెలుసంటాడు. డాక్టరు నన్నేం అడిగినా ఆయనదే జవాబు. గుండెనొప్పయితే ఎడమ చెయ్యి గుంజాలట, చెమటలు కారాలట. "మా గంగమ్మకు ఫికర్ జాస్తి సారూ," అన్నాడు. గ్యాస్ బిళ్ళలు రాశారు.

నాకు ఫికర్ ఎక్కువే. మరి దవడ ఎందుకు లాగుతుంది?

9 ఆగస్టు
దవడ. మెట్ల మీద. పొద్దున 8.

10 ఆగస్టు
దవడ. మెట్ల మీదే. పొద్దున 8.20. కూర్చుంటే పోయింది. బీరువా తాళం ఎక్కడుందో బిడ్డకు చెప్పాలి.

14 ఆగస్టు
నా బిడ్డ కళ్యాణి ఈ నోట్‌బుక్ చదివేసింది. ఏడ్చింది, తిట్టింది, గచ్చిబౌలిలో లేడీ డాక్టరు దగ్గర 18కి టోకెన్ తీసుకుంది. ఆయన తానూ లోపలికి వస్తానన్నాడు.
"బాపూ, నువ్వు బయట కూసో. నొప్పి అమ్మది."

18 ఆగస్టు, మధ్యాహ్నం
డాక్టరమ్మ నోట్‌బుక్ మొత్తం చదివింది! నా వంకర అక్షరాల మీద వేలు పెట్టి మరీ చదివింది. ప్రతిసారీ మెట్ల మీదే వస్తోంది, కూర్చుంటే పోతోంది, ఇది గ్యాస్ కాకపోవచ్చు అంది. యాంజియోలో పెద్ద నాళాలే కనిపిస్తాయట. వెంట్రుకలాంటి సన్నవి కనపడవట. ఆడవాళ్ళకు అసలే నాళాలు సన్నమట, ఈ చిన్నవాటి జబ్బు కూడా మనకే ఎక్కువట. గుండెకు పని పడితే అవి విచ్చుకోవాలట. నావి విచ్చుకోవడం లేదేమో.
మోటారు మంచిగుంది, మెయిన్ పైపు మంచిగుంది, పై అంతస్తు నల్లాకే నీళ్ళు లేవా అని అడిగాను. నవ్వి, అంతే అంది. గుండెకు ఎమ్మారై స్కాన్ రాసింది.

25 ఆగస్టు
ఎమ్మారైలో మందెక్కించి గుండెను ఉరికించారు. ఈరోజు రిపోర్ట్ వచ్చింది. జబ్బు ఉంది! డాక్టరమ్మ చెబుతుంటే నాకు నవ్వాగలేదు. కళ్యాణి నా తొడ మీద గిచ్చింది. మందులున్నాయట. నొప్పి వచ్చినా రాకపోయినా రోజూ రాయాలట.
ఆయన బయట బెంచీ మీద ఉన్నాడు. ఫికర్ కాదంట అన్నాను. లేచి నా సంచీ అందుకున్నాడు.
"జిలేబీ వాపస్ అడగాల్నా మరి," అన్నాడు.
మందులు పడకపోతే ఎట్లా? అది రేపటి ఫికర్.

16 సెప్టెంబర్
రాసేది కొమురయ్య. గంగమ్మ చేతులకు జొన్నపిండి ఉంది. ఆమె చెప్తుంటే రాస్తున్న.
మూడో అంతస్తు ఎక్కిన. ఒక్కసారే ఆగిన. దవడ గుంజలే.
అన్నీ ఆమె మాటలే, నేనేం కలపలే.