ఆ వారం పలకని సర్వీసు

మార్చి 3, సోమవారం
ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో మా అమ్మాయికి కొత్త పని అప్పగించారు. అక్కడ ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాం, దాన్ని సర్వీసు అంటారట; ఒక సర్వీసు ఇంకో సర్వీసుతో మాట్లాడాలంటే మధ్యలో ప్రాక్సీ అనే కాపలా ప్రోగ్రాం ఉంటుందట. ఇన్నాళ్లూ లోపలి నెట్‌వర్క్‌లోంచి ఏది వచ్చినా వదిలేసేది. ఇకపై ప్రతి సర్వీసూ తన గుర్తింపు సర్టిఫికెట్ చూపాలి, రూల్‌లో పేరుంటేనే దారి. మన వాచ్‌మన్ లాంటిదా అన్నాను. వాచ్‌మన్ కునుకు తీస్తాడమ్మా, ఇది తీయదు అంది.

మార్చి 4
ఈ వారం ప్రాక్సీ దేన్నీ ఆపదు. ఏది దేనితో మాట్లాడుతోందో చూస్తుంది, అంతే. కనిపించినవాటికే అమ్మాయి రూల్స్ రాస్తుంది. వాడనివి దాచుకోవడానికి ఇది మీ అటక కాదమ్మా అని నవ్వింది. నెలంతా వాడని పద్దు ఇంటి ఖర్చుల లెక్కలోంచి నేనూ కొట్టేస్తాను. పద్ధతి బాగుందనిపించింది.
పక్కింటి అక్కయ్య అవసరానికని ఇచ్చిన వాళ్లింటి తాళంచెవి మా మేకుకే ఉంది. ఏడాదిగా ఎవరూ అడగలేదు. దులిపి మళ్లీ తగిలించాను.

మార్చి 10
రూల్స్ అమల్లోకి వచ్చాయి. ఒక్క ఫిర్యాదూ లేదట.

మార్చి 13
పక్కింటి బావగారిని కిడ్నీ జబ్బుతో అమ్మాయి ఆస్పత్రిలోనే చేర్చారు. మన పిల్ల ఉన్న చోటు, నాకు బెంగ లేదు అంది అక్కయ్య. ఆయనేమో, ఈ చప్పిడి తిండి కంటే సూదులే నయమని నర్సును నవ్వించారట.

మార్చి 14
బావగారు పోయారు.

మార్చి 16
రెండు రోజులుగా అమ్మాయి ముద్ద ముట్టలేదు. ఇవాళ నోరు విప్పింది.
ఆయన రక్తంలో పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత పెరిగిందని ల్యాబ్‌లో తేలింది. అలాంటి రిపోర్టు వస్తేనే వార్డు ఫోను మోగించే సర్వీసు ఒకటుంది. ప్రాక్సీ గమనించిన వారంలో అలాంటి రిపోర్టు రాలేదు. సర్వీసు పలకలేదు. రూల్‌లో దాని పేరు చేరలేదు. బావగారి కోసం అది పిలిస్తే, ప్రాక్సీ తిప్పి పంపేసింది. వార్డులో ఎవరికీ తెలియలేదు.
వార్డు ఫోను పాడైందని నివేదికలో రాసెయ్, ఉద్యోగం మిగులుతుంది అన్నాడట పై ఆఫీసర్. ఏం చేయనమ్మా అని అడిగింది. పెద్దమ్మ మొహం చూసి చెప్పగలిగిందే రాయి అన్నాను.

మార్చి 18
ఉన్నదున్నట్టే రాసింది. ఆఫీసుకు రావద్దన్నారు. తిన్నగా పక్కింటికి వెళ్లి అక్కయ్యకు తనే చెప్పింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అక్కయ్య కేకలు వేయలేదు. ఫోను మోగుంటే మీ పెద్దనాన్న బతికేవారా అని మాత్రం అడిగింది. బతికేవారేమో పెద్దమ్మా అంది అమ్మాయి.

మార్చి 19
పొద్దున్నే అక్కయ్య వచ్చింది. లోపలికి రాలేదు. తాళంచెవి ఇచ్చెయ్ అంది. ఇచ్చాను.
మేకు పీకలేదు.