మూడో మలుపులో పసుపు జెండా

విజయనగరం,
2 ఫిబ్రవరి 1968.

ప్రేమగల అప్పకి,

ఇక్కడ అంతా క్షేమం అని రాయబోయి కలం ఆపేశాను. నీకు అబద్ధం రాయడం నా వల్ల కాదు. రూతు చెయ్యి అతుక్కుంది, కట్టు విప్పేశారు, బడికి పోతోంది, అన్నానికి పేచీలు కూడా పెడుతోంది. దాని వరకు క్షేమమే. బాగులేనిది నేను.

క్రిస్మస్‌కి ముందు మీ ఇంటి నుంచి తిరిగొస్తుంటే కారు గోతిలో దిగిందనీ, రోడ్డు బాగులేదనీ నీ మరిది నీకు రాశారు కదా. రోడ్డుకేం, శుభ్రంగా ఉంది. ఎచ్చెర్ల దాటాక ముందు బస్సు పోతోంది. దాన్ని దాటాలని ఈయనకి పంతం. ఎదర లారీ వస్తోంది. ఆపండి, ఆపండి, పిల్ల ఉంది అని గొంతు పోయేలా అరిచాను. ఆయన నవ్వారప్పా! నవ్వుతూ ఇంకా తొక్కారు. చక్రం అంచు దిగిపోయింది, పిల్ల నా ఒళ్ళోంచి ఎగిరి తలుపుకి కొట్టుకుంది. ఆసుపత్రిలో దాన్ని చేతుల మీద మోశారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అన్నీ చేశారు. తప్పు నాది అన్న మాట మాత్రం ఈరోజుకీ ఆ నోట్లోంచి రాలేదు. మన మందుల షాపుకి దగ్గుమందు కోసం వచ్చినవాళ్ళకి కూడా రోడ్డు బాగులేదనే చెబుతున్నారు.

అది మానక ముందే ఇంకోటి తెచ్చారు. రామతీర్థం అవతల యుద్ధం రోజుల్లో విమానాల కోసం కాంక్రీటు వేసి వదిలేసిన మైదానం ఉంది. అక్కడ మోటారు క్లబ్బు వాళ్ళు కార్ల పందెం పెడుతున్నారట. బతుకుతెరువుకి బండి తోలేవాళ్ళకి ప్రవేశం లేదట, సరదాకి సొంత కారు తోలుకునే పెద్దమనుషులకేనట. ఈయన ఆ రోజే పేరు ఇచ్చి వచ్చారు. మన పాత ఫియట్‌తో! నేను ఏడ్చాను, అన్నం మానేశాను. "నీకేటి తెలుసే, ఊరుకో" అన్నారు. అంతే.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. మీ మిషను బడిలో కుట్టు టీచరు ఖాళీ ఉందన్నావు కదా, నా మాట చెప్పి ఉంచు. పందెం అయిన మర్నాడు రూతుని తీసుకుని వచ్చేస్తాను. మళ్ళీ వెనక్కి పంపడానికని సత్యం బావ చేత బైబిలు చదివించకు. నన్ను కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు, తెలుసు. కానీ నేను ప్రాణం పోయేలా అరిచినా నా గొంతు ఆయన చెవిన పడదు. అలాంటి మనిషి పక్క సీట్లో కూర్చుని ఇంకా ఎంత దూరం పోను?

నీ చెల్లెలు,
అన్నమ్మ

విజయనగరం,
12 ఫిబ్రవరి 1968.

అప్పా,

నీ ఉత్తరం చేరింది. తిట్టినందుకు కోపం లేదు, ఉద్యోగం సంగతి అడిగినందుకు మాత్రం నీ కాళ్ళకి దణ్ణం. నా మాట మారలేదు. అయినా ఇక్కడ జరిగిన తమాషా నీకు చెప్పకపోతే నాకు తోచదు.

పందేనికి పెద్ద ఎవరంటే కెప్టెన్ నరసింగరావు గారని, పట్టాళంలో చేసి వచ్చినాయన. మీసాలూ, నిక్కరూ, చేతిలో బెత్తం. డ్రైవర్లందరికీ నిబంధనలు నేర్పాలని ఆదివారం ఆరాధన అయ్యాక క్లబ్బుకి పిలిచారు. జెండాలు పట్టుకోవడానికి మనుషులు చాలడం లేదట, ఒక్కో డ్రైవరు ఇంటి నుంచి ఒకరిని తేవాలట. "ఇంటోళ్ళయితే కునుకు తియ్యరు" అన్నారట ఆయన. నేను వస్తానన్నాను. నీ మరిది తెల్లబోయారు. "ఎండలో నిలబడతావేటే?" అంటే, పిల్లని పక్కింటి తాతమ్మ గారి దగ్గర వదిలి వచ్చి నిలబడతాను, మీకేం అన్నాను. నా మొగుడు ఎక్కడ పడి చస్తాడో దూరం నుంచి వినే కంటే దగ్గరుండి చూడటం నయమనుకున్నాను. పాపిష్టి మాటే, నీకు కాక ఎవరికి చెప్పను?

ముందు కార్ల తనిఖీ. ఊడేది, దొర్లేది, వేలాడేది ఏదీ కారులో ఉండకూడదట. మన కారు సీటు కింద నుంచి తీస్తే ఏం వచ్చాయనుకున్నావు? రూతు పలక ముక్క, నా దువ్వెన, విరిగిన గొడుగు, రెండు దగ్గుమందు సీసాలు. కెప్టెన్ గారు ఒక సీసా పైకెత్తి "ఇది దొర్లి బ్రేకు కిందకి పోతే పందెం అక్కడికి సరి, నువ్వూ సరి" అన్నారు. నీ మరిది ముఖం చూడాలి! తర్వాత చక్రాల మీది మెరుపు మూతలు పీకించారు, దీపాల అద్దాలు పగిలి చెదరకుండా పట్టీలు అంటించారు. పందెం కోసమని ఈయన గంటస్తంభం దగ్గర కొత్త టెరిలిన్ చొక్కా కుట్టించుకున్నారు. "మంటొస్తే ఇది కరిగి చర్మానికి అంటుకుపోతాది. నూలు చొక్కా, పొడుగు చేతులు. ఫో, మార్చుకు రా" అని పదిమందిలో ఇంటికి తరిమారు. సీటుకి బిగించిన పటకా నడుముకి కట్టుకోవాలంటే ఒక కాంట్రాక్టరు గారు "మమ్మల్ని ఎద్దుల్లా కట్టీస్తారేటండీ" అని గునిశాడు. "ఎద్దయితే గోతిలో దూకదయ్యా, దానికి బుద్ధుంటాది" అన్నారు కెప్టెన్ గారు.

నాకు ఎంత ఒళ్ళు మండిందో తెలుసా! నెమ్మదిగా పొండి, ముందు చూడండి, పిల్ల ఉంది అని ఇన్నేళ్ళుగా నేను అరిచిన మాటలే ఇవి. నేనంటే సాధింపు. మీసాలాయన అంటే చేతులు కట్టుకుని "యస్సార్". కానీ మండుతూనే ఎక్కడో కాస్త చల్లబడ్డాను కూడా. మనిషి ప్రాణం గురించి ఇంత ఆలోచించినవాడు ఒకడున్నాడు కదా అనిపించింది.

జెండాల సంగతి చెప్పారు. పచ్చ జెండా అయితే దారి బాగుంది. పసుపు జెండా కదలకుండా పట్టుకుంటే ముందు ప్రమాదం, ఎవరినీ దాటకూడదు. అదే పసుపు గట్టిగా ఊపితే ఆగడానికి సిద్ధంగా ఉండాలి. ఎర్రది కెప్టెన్ గారొక్కరి దగ్గరే ఉంటుంది, అది లేస్తే అందరూ ఆగిపోవాలి. తర్వాత అందరినీ ప్రశ్నలు అడిగారు. మగవాళ్ళు తడబడ్డారు, నేను గడగడా చెప్పేశాను. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పిన నోరు కదా! "ఈ అమ్మకి మూడో మలుపు ఇయ్యండి" అన్నారాయన. మూడోదంటే అన్నిటికంటే దూరం, అన్నిటికంటే వంకర. తుమ్మ పొదలు అడ్డమొచ్చి, మలుపు అవతల ఏముందో డ్రైవరుకి కనబడదు.

నాకు భయంగా ఉందప్పా. నేను జెండా ఊపాల్సి వస్తే, ఊపుతున్నది నేనని చూసి ఆయన నవ్వుతారేమో! ఆ నవ్వు ఇంకోసారి చూడలేను. ప్రార్థన చెయ్యి.

అన్నమ్మ

విజయనగరం,
19 ఫిబ్రవరి 1968.

నా బంగారు అప్పా,

నేను రావడం లేదు! ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకు. అందరం బతికే ఉన్నాం. ఇప్పుడు కూర్చుని నెమ్మదిగా చదువు.

నిన్న పొద్దున్నే కార్లన్నీ ఒకసారి మెల్లగా తిరిగి దారి చూసుకున్నాయి. తర్వాత కెప్టెన్ గారు జెండాలు పట్టే మమ్మల్ని ఆఖరిసారి జాగ్రత్తలు చెప్పడానికి డేరా దగ్గరికి పిలిచారు. నేను జెండాలు తీసుకుని మైదానం అడ్డంగా నడిచి నా మలుపుకి చేరానో లేదో అక్కడ పందెం మొదలైపోయింది, చప్పుడు వినబడుతోంది. ఎందుకో వెనక్కి తిరిగి తుమ్మల అవతలికి చూశాను. మలుపు పొడుగునా, దారి ఈ చివర నుంచి ఆ చివరకి, మోకాలెత్తున ఎండిన ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి! నలుగురు ఆడవాళ్ళు ఆఖరి మోపు విదిలించి, నవ్వుకుంటూ, జనానికి హద్దుగా కట్టిన తాడు అవతలికి పోయి బుద్ధిగా కూర్చుంటున్నారు.

నీకు వేరే చెప్పాలా? మన రోడ్ల మీద పంట పరిచేది ఎందుకు? బస్సు తొక్కితే గింజ రాలుతుందని. కార్లు అదే పనిగా గుండ్రంగా తిరుగుతాయని విన్నారు, ఇంతకంటే మంచి కళ్ళం దొరకదనుకున్నారు. కానీ బస్సు నెమ్మదిగా పోతుంది. ఇవి ఆ వేగాన దాని మీదికి వస్తే చక్రాలు జర్రున జారిపోతాయి.

తియ్యడానికి వేళ లేదు. మలుపుకి ఇవతల దారి పక్కకి పరుగెత్తి పసుపు జెండా రెండు చేతులా పట్టుకుని ఊపాను. ఊపడం కాదది, చీర కొంగు ఊడిపోయింది, చెప్పు ఎక్కడో పోయింది. దుమ్ములోంచి మొదటి కారు వచ్చింది. మన ఫియటే! అందరికంటే ముందున్నారు నీ మరిది. జన్మలో మొదటిసారి ఏదో గెలవబోతున్న మనిషి. వినబడదని తెలిసీ అరిచాను, ఆపండి, ఆపండి అని. ఆయన నా వైపు చూశారు. ప్రభువా, ఇప్పుడు నవ్వకూడదు అనుకున్నాను.

నవ్వలేదప్పా. చెయ్యి బయటికి చాపి వెనకవాళ్ళకి సైగ చేస్తూ, కారు తగ్గించి, తగ్గించి, ఉలవలకి ఇవతల ఆపేశారు. వెనక వచ్చినవాళ్ళూ ఒక్కొక్కరే ఆగారు. ఆ కాంట్రాక్టరు గారి కారు ఒక్కటే ఆగలేక పక్క నుంచి జారిపోయి పంటలోకి దూరింది. కింద పొగ గొట్టం కాలిపోతోందేమో, ఆ ఎండు మొక్కలు పట్టుకుని భగ్గుమంది. పటకా ఊడదీసి ఆయన్ని ఇవతలికి లాగి, ఇసక బకెట్లు కుమ్మరించి ఆర్పేశారు. మనిషికి ఏమీ కాలేదు. అందరూ పూర్తి వేగంతో వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను, నువ్వూ ఆలోచించకు.

కెప్టెన్ గారు ఎర్ర జెండాతో పరుగున వచ్చి "ఎవరిదీ పని?" అని గర్జించారు. దేముడమ్మ అని, వాళ్ళలో పెద్దామె, లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మాదే బావూ. బస్సులకి ఏస్తాం, నీ కార్లకి ఏస్తే తప్పేటి? మనిసి రాకూడదని దండోరా ఏయించినావు, రాలేదు. పసువు రాకూడదన్నావు, కట్టీసినాం. ఉలవలు రాకూడదని సెప్పినావేటి?" అంది. అన్ని నిబంధనల్లో ఉలవల మాట లేదు మరి! ఆయన "నిజమేనమ్మా, సెప్పలేదు" అన్నారు. డ్రైవర్లంతా పొడుగు చేతులు మడుచుకుని పంటని పక్కకి లాగారు. కాలినంత పోగా మిగిలినదాన్ని తొక్కించడానికి క్లబ్బు వాళ్ళ ట్రాక్టరు పంపిస్తానన్నాక గానీ ఆమె శాంతించలేదు.

నేను తుమ్మ చెట్టు మొదట్లో కూలబడిపోయాను. నీ మరిది హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని వచ్చి నా పక్కన మట్టిలో కూర్చున్నారు. గడ్డి పీకడం మొదలెట్టారు.

"నువ్వలా ఊపుతుంటే ఎందుకని అడగాలనిపించలేదే. కాలు దానంతటదే లేచిపోయింది" అన్నారు. తర్వాత నా వైపు చూడకుండా, "ఆ రోజు ఎచ్చెర్ల కాడ కూడా నీ గొంతు ఇనబడింది. బాగానే ఇనబడింది. పెళ్ళాం ఆపమంటే ఆపీసేడని బస్సులోవోళ్ళు నవ్వుతారని తొక్కీసేను. రోడ్డుకేటీ రోగం లేదు అన్నమ్మా, పిల్ల చెయ్యి నేనే విరగ్గొట్టీసేను" అని బావురుమన్నారు. అంత మనిషి! నేనూ ఏడ్చాను. రెండు నెలలుగా గుండె మీద పెట్టుకున్న రాయి ఎవరో ఎత్తి అవతల పడేసినట్టయింది.

దాచడం ఎందుకని నా సంగతీ చెప్పేశాను. మీరు ఈరోజు ఆగకపోతే రేపు నేను మా అప్ప ఇంట్లో ఉందును అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకున్నారు. తప్పిపోయిన చెప్పు ఆయనే వెతికి తెచ్చారు.

ఇంతలో పందెం మొదటి నుంచి మళ్ళీ పెడతామని కేకేశారు. ఆయన లేచారు. రెండడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ నోట నేను వినని మాట అన్నారప్పా. "తోలమంటావా, ఇంటికి పోదామంటావా? నువ్వెలాగంటే అలాగే." అలా అడిగి, జవాబు కోసం నిలబడ్డారు కూడా!

ఇంటికి పోదామని నోటి చివరిదాకా వచ్చింది. మలుపు అవతలికి పోయి చూసి వచ్చాను. దారి శుభ్రంగా ఊడ్చేసి ఉంది. ఆయన పటకా నా చేత్తో బిగించి, పొడుగు చేతుల గుండీలు పెట్టి, తోలండి అన్నాను.

నాలుగో స్థానం వచ్చింది. అది కాదు చెప్పొచ్చేది. ఆఖరి చుట్టులో మన ఫియట్ నా మలుపు తిరుగుతుంటే, పచ్చ జెండా పట్టుకుని గొంతు చించుకుని ఒక ఆడది అరుస్తోంది, "తొక్కండి, ఇంకా తొక్కండి, వాడు దాటిపోతున్నాడు!" అని. ఎవరబ్బా అనుకున్నాను. తీరా చూస్తే నేనే!

బడి వాళ్ళకి నా తరఫున క్షమాపణ చెప్పి, వేరే టీచరుని చూసుకోమను.

నీ ముద్దుల చెల్లెలు,
అన్నమ్మ