నాన్నకు రాని నీ ఎకరం

తమ్ముడు శీనయ్యకు,

1. నువ్వు పోయి నేటికి ఏడాది. అల్లూరులో నువ్వు కొనుక్కున్న ఎకరాన్ని నాన్న రొయ్యల గుంటకు అమ్మబోయినాడు.
2. పెళ్లికాని కొడుకు వీలునామా లేకుండా పోతే ఆస్తి ఎవరికి చెందుతుందో తెలుసుకోవాలని నేను హిందూ వారసత్వ చట్టం తెచ్చి చదివినాను.
3. మొత్తం అమ్మదే. తల్లి ఉండగా తండ్రికి సెంటు కూడా రాదు.

"మరి నేనెవర్నిరా వాడికి?" అన్నాడు నాన్న.

అమ్మ ఆ పేజీని నాతో మూడుసార్లు చదివించుకొని, "అయితే గుంటా లేదు, గింటా లేదు. వరే నాటిస్తా" అనింది.

కాసేపటికి నాన్న, "కౌలుకైనా నాకిస్తావా?" అని ఆమెను అడిగినాడు.

"ఆలోచించి చెప్తాలే."

ఇదంతా తెలిసే నువ్వు వీలునామా రాయలేదా అని అడగాలనిపించింది. కానీ తమ్ముడూ, ముప్పై ఎనిమిదేళ్లకు వీలునామా ఎవరు రాస్తారు?

సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు.
చేవూరు వెంకటరమణయ్య