ముత్యాన్ని పంప

బావా, దండాలు.

ఆదివారం ఆటో పంపి మా ముత్యాన్ని మంజీర అవతల ఇడిసిపెట్టిస్తనని ఫోన్ల చెప్పినవు. అప్పుడు నీకు ఎదురు చెప్పనీకె నోరు రాలే, గందుకే రాస్తున్న. ఆటో పంపకు. కుక్కను నేనియ్య.

అది నీ చెయ్యి కరిసింది, నిజమే. పండుకున్నదాన్ని ఎనకనుంచి పట్టుకుంటివి. దానికి చెవులు వినబడవు. నిద్రల నిన్ను గట్లనే పట్టుకుంటే నువ్వేం జేస్తవో మా అక్కనడుగు.

ముందుగాల నాకూ తెల్వలే. చెరుకుల పడ్డ అడవిపందులను ఎల్లగొట్టనీకె పటాకలు కాలిస్తే ఊరికుక్కలన్ని మంచాల కింద దూరేటియి, ఇదొక్కటే కదలకపోయేది. మా ఇంట్ల పులి పుట్టిందని వాడకట్టంత చెప్పుకున్న. బోధన్ల పశువుల డాక్టర్ దాని ఎనక పళ్ళెం కొట్టి చూసి, "పులి కాదన్నా, పుట్టు చెవిటిది. తెల్లకుక్కలల్ల కొన్ని గిట్లనే పుడ్తయి" అన్నడు.

ఇప్పుడు దాన్ని నోటితోని పిలవం. కాలితోని నేల తడితే తిరిగి చూస్తది, తువ్వాల ఊపితే ఉరికొస్తది. లేపాలంటే ముక్కు ముంగట చెయ్యి పెట్టి వాసన చూపిస్తం. తాడు లేకుండ రోడ్డెక్కనియ్యం. మంజీర అవతల ఇడిస్తే ఎనకొచ్చే లారీ సంగతి దానికెవరు చెప్పాలె?

కాపలాకు పనికిరాదంటివి. కాపలా నేను కాస్త, అది నాకు తోడుంటది.

సూదులన్ని ఏయించుకో. దానికి ఎప్పుడో ఏయించిన. చెయ్యి మానినంక ఇంటికి రా, ఎదురుంగ కూసొని చెయ్యి సాపు. దానికి నీ మీద కోపం లేదు.

నాకున్నది.

నీ బామ్మర్ది