స్టాపులో ఆగిన కారు

తిరువూరు,
12-6-1974

ప్రియమైన అమ్మాయి జ్ఞానమణికి,

మీ నాన్న దీవెనలు. దేవుడి దయ వల్ల నేనూ అమ్మా బాగున్నాం. నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసా అని తలుస్తాను.

మొన్న శనివారం మన తిరువూరు బస్సు తీసుకుని బెజవాడ వచ్చాను. వన్‌టౌన్ స్టాపులో ఒక కారు అడ్డంగా ఉంది. ఎంత హారన్ కొట్టినా డ్రైవరు కదలడే! "మా అయ్యగారు కొట్లోంచి వచ్చేదాకా తియ్యను, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు. ఒక్క కారు కోసం బస్సెడు జనం నడిరోడ్డు మీద దిగాల్సి వచ్చింది. పాపం, నెమలి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలావిడకు రిక్షా తగిలి కాలు విరిగింది.

తప్పు నాదేనట. విచారణ పెట్టారు. కండక్టరు యేసుదాసు చెబితే నాతో పనిచేసేవాడేగా అని నమ్మరు. ప్యాసింజర్లు ఎవరి దారిన వాళ్ళు పోయారు. స్టాపులో కారు ఉందని చూసినవాళ్ళు ఒక్కరు చెప్పినా నా ఉద్యోగం నిలుస్తుంది. అలాంటివాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కో తల్లీ.

ఇట్లు,
మీ నాన్న,
సుందరరాజు

విజయవాడ,
19-6-1974

ప్రియమైన నాన్నగారికి,

మీ జ్ఞానమణి వందనాలు. మీ ఉత్తరం చూసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. కొట్లవాళ్ళను అడిగించాను. ఎవరూ చూడలేదన్నారు. విచారణ అంటే ఎవరు ముందుకొస్తారు నాన్నా? క్షమించమని రాసిచ్చేయండి. అయినా ఈ వయసులో మీకా స్టీరింగు ఎందుకు? ఇప్పుడు ఊళ్ళో ఎటు చూసినా కార్లే. మీరు మానేస్తే, ఇక్కడ చుట్టాలెవరైనా అడిగినా రిటైరయ్యారని చెప్పుకోవచ్చు. కోప్పడకండి. అమ్మను అడిగానని చెప్పండి.

మీ కూతురు,
మణి

తిరువూరు,
2-7-1974

నా తల్లి మణికి,

విచారణ అయిపోయింది. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఉద్యోగంలోంచి తీసేశారు. మీ అమ్మ ఏడుపు ఆపడం నా వల్ల కావడం లేదు.

కారు నంబరు అడిగారు. గుర్తులేదన్నాను. అల్లుడుగారి కారు నంబరు నాకు తెలియదా అమ్మా? చెబితే నిన్ను పిలుస్తారు. నువ్వు నిజం చెబితే ఆ ఇంట్లో నీకు మనశ్శాంతి ఉండదు. అబద్ధం చెబితే నేను వినలేను.

మీ కొత్త డ్రైవరుకు నేనెవరో తెలియదు, వాణ్ణి ఏమీ అనకు. వెనక సీట్లో నీ పక్కన పట్టుచీరల్లో ఎవరో చుట్టాలున్నారు. నన్ను చూసి నువ్వు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నావు. నాకు కోపం లేదమ్మా.

ఇంకో సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ స్టాపు దాటి కాస్త ముందుకెళితే రోడ్డు పక్కన ఖాళీ ఉంది. బస్సు అక్కడ ఆపి ఉంటే ఆ ముసలావిడకు ఏమీ అయ్యేది కాదు. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నా నేను కదలకుండా మీ కారు వంకే చూస్తూ కూర్చున్నాను. తలుపు తీసుకుని దిగి, ఒక్కసారి "నాన్నా" అంటావనుకున్నాను.

ఇట్లు,
నాన్న