నీలి సిరాలో ముప్పై

అమ్మాయికి నాన్న ఆశీస్సులతో వ్రాయునది.

ముందుగా నా తెలుగుకు క్షమాపణ. నలభై దాటాక రాత్రి బడిలో పట్టా పుచ్చుకున్నవాడిని. వాక్యం కట్టేటప్పుడు నేటికీ మేస్త్రీలా తాడు పట్టి చూసుకుంటాను. ఎక్కడైనా వంకర కనబడితే సర్దుకుని చదువు. ఇక్కడ మీ అమ్మ, నేను, నీ చిన్న ఎర్ర కారు క్షేమం. కారు విషయంలో ఆ మాట ఈ వారం నుంచే వాడుతున్నాను.

నీవు అడిగినవాటికి జవాబులు. చక్రాలు పదిహేను అంగుళాలవే. పదహారైతే చూపుకు బాగుంటాయి గానీ బరువెక్కి పరుగు మందగిస్తుందన్నాడు మీ మావయ్య. "పోటీకెళ్లేది కారా, పెళ్లికొడుకా బావగారూ?" అని ఎగతాళి కూడా చేశాడు. పొట్టి స్ప్రింగులు వేసి కారును అంగుళమున్నర కిందికి దించాడు. మలుపుల్లో ఇక ఒరగదట.

ఇక మూడవది. "మావయ్య చేతికి నా కారు మళ్లీ ఇవ్వొద్దు, కొండదారి పోటీకి ముందే వేరే గ్యారేజీ చూడండి" అని వ్రాశావు. నా క్రితం ఉత్తరం చదివినవారెవరైనా అలాగే అంటారు. ఆ ఉత్తరంలో నేను కొంత వదిలిపెట్టాను.

ఇరవై రెండేళ్లుగా గిడ్డంగిలో సరుకు సరిచూసేవాడిని. మూసిన పెట్టె కనబడితే లోపలేముందో తెలిసేదాకా నాకు అన్నం సయించదు. మీ మావయ్య గ్యారేజీ అటక మీద నాలుగు పెట్టెలున్నాయి, దుమ్ము పట్టి, సరిగ్గా చక్రాలు పట్టేటంత. ఇతనేమో "ఆఫ్‌సెట్ నలభై అయిదే ఉండాలి" అని మూడుసార్లు అన్నాడు. చక్రం ఎంత లోపలికి కూర్చోవాలో చెప్పే అంకె అది. తగ్గితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. నీకు తెలుసు, మీ అమ్మ కోసం విడమరుస్తున్నాను. ఒకే మాట మూడుసార్లు చెప్పేవాడిని నేను నమ్మను. దుకాణం పేరు చెప్పి, ఆ పెట్టెల్లోని అమ్ముడుపోని సరుకే మేనకోడలికి అంటగడుతున్నాడని నిశ్చయించుకున్నాను.

అతను భోజనానికి వెళ్లిన సమయంలో, జాకీల మీదున్న కారు పక్కన చతికిలబడి, స్కేలుతో కొలిచాను. కావలసినంత చోటు కనబడింది. మూడు కాగితాల లెక్క వేస్తే ముప్పై చాలునని తేలింది. లెక్కలో తప్పు లేదు. కొలిచేటప్పుడు కారు గాలిలో ఉంది, అంతే. జాకీ ఎక్కిస్తే చక్రాలు కిందికి వేలాడతాయని, నేలకు దిగి గతుకు తగిలితే పైకి దూసుకొస్తాయని నాకు తట్టలేదు.

చక్రాల దుకాణానికి చీటీ నేనే తీసుకెళ్తానన్నాను. దారిలో, అతను పెన్సిలుతో వేసిన 45ను రబ్బరుతో తుడిచి, నా కలంతో 30 వేశాను.

చక్రాలు, వాటితోపాటు చీటీ గ్యారేజీకి వచ్చాయి. "బావగారూ, ఇవి కాస్త బయటికొచ్చేట్టున్నాయే" అన్నాడు. "చీటీ ప్రకారమే వచ్చాయి, బిగించు" అన్నాను. మొదటి స్పీడ్‌బ్రేకరు దగ్గరే మడ్‌గార్డు అంచు టైరును కోసేసింది. గ్యారేజీలో ఇద్దరు మనుషులుండగా కేకలేశాను: "ఏమయ్యా, చీటీ రాసింది నువ్వు కాదూ? అంకెలు రానివాడికి కారెందుకిచ్చానో!"

అతను చేతులు తుడుచుకున్నాడు. "నేనే రాశాను బావగారూ. తప్పు నాదే. మారుస్తాను."

ఇదే నన్ను తినేసింది. తప్పు చేయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు? ఇందులోనూ ఏదో ఉందని వారం రోజులు కనిపెట్టాను. నిన్న అతను బయటికెళ్తే అటక ఎక్కి ఆ పెట్టెలు విప్పాను. నూనె తుడిచే పాత గుడ్డలు! దిగేసరికి అతను కిందే ఉన్నాడు. "ఆ పనిముట్ల డబ్బాలో చాక్‌పీసుంది, అందుకోండి" అన్నాడు. మూత తెరిచాను. లోపలివైపు టేపుతో అంటించి ఉంది చీటీ. అంతా పెన్సిలు, ఒక్క అంకె మాత్రం నీలి సిరా.

"దొరికిందా బావగారూ?"

"చాక్‌పీసు దొరికింది" అన్నాను.

దాన్ని అతని చేతికిచ్చాను. అతను నలభై అయిదు ఆఫ్‌సెట్ చక్రాలు బిగించి, కోసుకుపోయిన టైరు మార్చి, నలుగురిని ఎక్కించుకుని గతుకులన్నీ తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. నీవు ఆ కారును అతని చేతుల మీదుగా అందుకుంటేనే నాకు మనశ్శాంతి.

ఇట్లు,
తప్పు ఒప్పుకుంటున్న మీ నాన్న

తాజా కలం: చదివాక దీన్ని నీ దగ్గర ఉంచుకోకు. కొత్త కవరులో పెట్టి మీ మావయ్య గ్యారేజీకి పోస్టు చెయ్యి. రెండు వీధుల అవతలే ఉన్నాడు, నిజమే. ఆ రెండు వీధులూ నడిచి ఇవ్వడానికి మూడుసార్లు బయలుదేరాను. అతను చదివిన తరువాత మీ అమ్మకు ఇమ్మను. అప్పుడు నేను ఇంట్లోనే ఉంటాను.