పుట్టింటి చీర ముక్కలు

ద్వారక, 9 జనవరి 2006, సోమవారం

ఈ రోజు చెయ్యకూడని పని చేశాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.

మంచం పట్టిన అత్తయ్యగారికి ఈ ఉత్తరాది చలికి కప్పిన దూది రజాయి బరువైపోతోంది. "గుండెల మీద బండ పెట్టినట్టుందే. ఓ బొంత కుట్టి కప్పవే" అని నాలుగు రోజులుగా అడుగుతున్నారు. బొంతకి పాత నూలు బట్టే మెత్తగా ఉంటుంది. ఆవిడ పెట్టె అడుగున చిలకపచ్చ చీర కనిపిస్తే, మడతల దగ్గర చివికిపోయిందేగా అని చీరంతా ముక్కలుగా కత్తిరించేశాను. ముందుగా నాలుగు చదరపు ముక్కలు కలిపి, లోపల పాత పంచె ముక్క పరిచి, మంచం పక్కనే కూర్చుని కుట్టాను.

చివరి వరస కుడుతుంటే ఆవిడ కళ్లు తెరిచి అంచు తడిమారు.

"ఇది మా అన్నయ్య పెట్టిన చీర కదే! నేను పోయాక కప్పమని దాచుకున్నాను."

పోయిన మనిషికి పుట్టింటి చీర కప్పాలి. ఆ అన్నయ్య పోయి రెండేళ్లయింది. ఆ ఇంటి నుంచి తెచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, దాచుకున్న సంగతే నాకు తెలియదు.

"తప్పయిపోయింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ అంచు వదిలేశారు. "సరేలే. అప్పుడు కప్పితే నాకేం తెలుస్తుంది? ఇప్పుడే కప్పు, చలేస్తోంది" అన్నారు.

కుట్టినంత మేరా పాదాలకే సరిపోయింది. కింద చెయ్యి పెట్టి చూస్తే మంచుగడ్డల్లా ఉన్నాయి. ప్రాణం ముందు పాదాలనే వదులుతుందంటారు.

ఇందాక హీటరు అటువైపు తిప్పి, మళ్లీ చెయ్యి పెట్టి చూశాను. ఇంకా వెచ్చబడలేదు.